జల్లెడ తట్టని తలుపు

మా బావ రాసిన ప్రోగ్రాముకు జల్లెడ అని పేరు పెట్టింది మా అక్క. పాత పుస్తకాలను స్కాన్ చేసినప్పుడు పుటల మీద కనిపించే మరకలను, మడతల నీడలను, వెనక పుట నుంచి ఊరివచ్చిన సిరాను తీసివేసి అక్షరాలను మిగల్చడం దాని పని.

నా పని ఆ తర్వాత మొదలవుతుంది. బావ రాసినదాన్ని లినక్స్ కంప్యూటర్లలో పద్ధతిగా దిగేలా ప్యాకేజీగా కట్టి, నా డిజిటల్ ముద్ర వేసి, అందరూ తీసుకునే సాఫ్ట్‌వేర్ భాండాగారానికి పంపుతాను. ప్యాకేజీ కట్టడమంటే మూట కట్టడమని చాలామంది అనుకుంటారు. నిజానికి అది చోట్లు నిర్ణయించే పని. ఏ ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉండాలి, దాని మీద పెత్తనం ఎవరిది, కొత్త కూర్పు వచ్చినప్పుడు దేన్ని తుడిచివేయవచ్చు, దేన్ని ముట్టుకోరాదు అనే ఆలోచనలోనే, అక్కాబావల ఇంటి మేడగదిలో, నా జీవితంలో మంచి భాగం గడిచింది. అందుకు నేనెన్నడూ చింతించలేదు.

జల్లెడలో అసలు శ్రమ ప్లగిన్లది, అంటే దానికి తగిలించే చిన్నచిన్న తోడు ప్రోగ్రాములది. మరకకొక ప్లగిన్, మడతకొక ప్లగిన్. పురుగు తిన్న రంధ్రాలను పూడ్చే ప్లగిన్ నేను రాశాను. దాన్ని ఎవరైనా తీసుకోవచ్చు, తమ పుటలకు తగినట్టు మార్చుకోవచ్చు. ఆ విధంగా మార్చుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. మనుషులతో నాకున్న రాకపోకలన్నీ ఆ దారినే సాగేవి.

ప్లగిన్లను ఎక్కడ ఉంచాలన్నది నా దృష్టిలో మర్యాదకు సంబంధించిన విషయం. ప్యాకేజీతో వచ్చినవి వ్యవస్థ ఫోల్డర్‌లో ఉండాలి. అక్కడ ప్యాకేజీదే రాజ్యం, పాతవాటిని ఊడ్చి కొత్తవి పెట్టుకుంటుంది. మనిషి సొంతంగా రాసుకున్నవి అతని హోమ్ ఫోల్డర్‌లో ఉండాలి. ఆ గడప ప్యాకేజీ తొక్కరాదు. అయితే ప్రోగ్రాము ప్లగిన్ల కోసం వెతకడం మాత్రం ఇంటి నుంచే మొదలుపెట్టాలి. ముందు మనిషి సొంతవి, అవి లేకపోతేనే మేమిచ్చినవి. బావ రాసిన జల్లెడకు ఈ మర్యాద పుట్టుకతో రాలేదు. అది తన వ్యవస్థ ఫోల్డర్ తప్ప మరొకటి ఎరగదు. కాబట్టి ప్రతి కూర్పుకూ నేనొక అతుకు వేసేవాణ్ణి. హోమ్ ఫోల్డర్‌ను ముందుగా చూడమని చెప్పే కొన్ని పంక్తుల అతుకు. దాన్ని అసలు ప్రోగ్రాములో కలుపుకోమని బావను ఎన్నోసార్లు అడిగాను. చూద్దాంలే అనేవాడు.

ఒక మధ్యాహ్నం ఆయన రెండు గ్లాసుల టీ పట్టుకుని మేడమెట్లెక్కి వచ్చాడు.

"ఏం బామ్మర్దీ, ఉన్నావా? పైనుంచి కుర్చీ చప్పుడు కూడా రావట్లేదని మీ అక్క కంగారు పడుతోంది."

"కుర్చీకి నూనె వేశాను బావా."

"వేసేముందు ఇంట్లో చెప్పాలయ్యా. నువ్వు బతికున్నావని మాకు తెలిసేదే ఆ కిర్రుతో."

ఆయన పుస్తకాల దొంతర పక్కకు జరిపి మంచం మీద కూర్చున్నాడు. గ్లాసు నా చేతికిచ్చి, తనది ఒక గుక్క తాగి, ఏమీ లేనట్టు అన్నాడు: "నీ అతుకు అసల్లో కలిపేశాను."

నేను గ్లాసు బల్ల మీద పెట్టాను.

"నిజంగానా?"

"నిజంగా కాక వేళాకోళానికి ఇన్ని మెట్లెక్కుతానా, నా మోకాళ్ళతో? చూసుకో."

చూసుకున్నాను. నా పంక్తులు నావిగానే ఉన్నాయి. కింద నా పేరు కూడా రాశాడు. ఇతరుల ప్రోగ్రాములకు ప్యాకేజీలు కట్టుకుంటూ బతికేవాడికి ఇంతకు మించిన గౌరవం లేదు. దర్జీ వేసిన అతుకును నేతగాడు మెచ్చి, మగ్గం మీదే ఆ నేత నేసి ఇచ్చినట్టు.

"ఇక ప్రతిసారీ అతుకేసే బాధ లేదు నీకు," అన్నాడు బావ. "తీసి పారెయ్. అయితే నాదొక చిన్న కోరిక. ప్లగిన్లన్నీ ప్రోగ్రాముతో పాటు ఒకే ఫోల్డర్‌లో కట్టు. ఆప్ట్‌లో పెట్టెయ్."

ఆప్ట్ అంటే వ్యవస్థకు పక్కగది వంటిది. పద్ధతులతో పని లేకుండా, ఒక సంస్థ తన సరంజామా అంతా ఒకేచోట దించుకునే ఫోల్డర్. చక్కగా కట్టే చేతులకు అది నచ్చదు.

"అది పద్ధతి కాదు బావా. వ్యవస్థ ఫోల్డర్ ఉండగా ఆప్ట్ ఎందుకు?"

"ఒక పెద్ద సంస్థ తీసుకుంటానంటోందయ్యా. వాళ్ళకు బోలెడు పఠనమందిరాలు. పెడితే ఒక ముక్కగా దిగాలి, తీస్తే ఒక ముక్కగా పోవాలంటారు. నీకేం నష్టం? మనమిచ్చేవి మన గదిలో ఎక్కడుంటే ఏం, వాళ్ళింట్లో వాళ్ళు పెట్టుకున్నవాటి జోలికి పోనంతవరకు?"

వాదన సబబుగానే ఉంది. అయినా అడిగాను.

"ఇల్లు ముందు చూస్తుందిగా?"

"నీ అతుకే కదా లోపలుంది! పొల్లు పోకుండా ఉంది. మీ అక్క మీద ఒట్టు."

మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి, "నీ ముద్రతోనే వెళ్ళాలి సుమా. నువ్వు కట్టావంటే జనం కళ్ళు మూసుకుని తీసుకుంటారు," అన్నాడు. ఆ మాటకు నేను పొంగిపోయాను.

ఆ వారమంతా జల్లెడకు కొత్త చోటు అమర్చడంలో గడిచింది. ప్రతి ఫైలూ తన స్థానంలో కూర్చుందా, హక్కులు సరిగా ఉన్నాయా, ప్యాకేజీ తీసివేస్తే ఎక్కడైనా దుమ్ము మిగులుతోందా అని వేర్వేరు యంత్రాల మీద పెట్టి చూశాను, తీసి చూశాను, పాత కూర్పు మీద కొత్తది దించి చూశాను. ఒక్క పరీక్ష మాత్రం చేయలేదు. ప్రోగ్రాము నడుస్తున్నప్పుడు ఏ ఫోల్డర్ తెరవబోయిందో, ఎక్కడ ఏమీ దొరక్క వెనుదిరిగిందో వరుసగా చూపే పనిముట్టు ఒకటుంది. నేను దాన్ని తలుపుల పరీక్ష అనేవాణ్ణి. దాన్ని నా అతుకు కోసం పెట్టుకున్నాను, అతుకు పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి. అతుకును తీసివేసినప్పుడు, దానితో పాటు పరీక్షనూ తీసివేశాను. లేని అతుకుకు పరీక్ష ఏమిటి? నా వంటివాడు మాత్రమే చేయగల పొరపాటు అది. వస్తువులు ఎక్కడున్నాయో పదేపదే చూశాను, ప్రోగ్రాము ఎక్కడ వెతుకుతోందో చూడలేదు.

ముద్ర వేసి పంపాను. యంత్రాలు వాటంతట అవే కొత్త కూర్పును దించుకున్నాయి.

కొన్నాళ్ళకు, ఉదయం నేను గది ఊడ్చుకుంటూండగా ఫోను మోగింది. ఒక చిన్న గ్రంథాలయాన్ని పదవీ విరమణ తర్వాత కూడా వదలని గ్రంథపాలకురాలు. ఆమెను నేనెన్నడూ చూడలేదు. నా పురుగు ప్లగిన్ గుండ్రని సున్నను రంధ్రంగా పొరబడి పూడ్చివేస్తోందని మొదట కనిపెట్టింది ఆమే. నేను దిద్దేలోపు తానే దిద్దుకుంది. సున్నకు అంచు నునుపుగా ఉంటుందని, పురుగు కొరికినచోట గరుకుగా ఉంటుందని ఆమె గమనించింది. ఆ తేడా తెలిసిన ప్లగిన్ ఆమె హోమ్ ఫోల్డర్‌లో ఉంది.

"మాస్టారూ, సున్నలు పోయాయండీ."

"ఎక్కడికమ్మా?"

"అదే నేనూ అడుగుతున్నా. మీ కొత్త కూర్పు దిగేదాకా నిక్షేపంలా ఉన్నాయి. ఇప్పుడు పుటలన్నీ బోడిగా వస్తున్నాయి. నందీ నదీ అన్నీ ఒకటే అయి కూర్చున్నాయి. చదువుతుంటే పళ్ళూడినవాడి మాట విన్నట్టుంది."

"మీ ప్లగిన్ ఉందా అక్కడ?"

"ఎక్కడికి పోతుంది? దాని ఇంట్లో అది ఉంది. జల్లెడే దాని మొహం చూడ్డం లేదు."

"ఏమైనా తప్పు చూపిస్తోందా?"

"చూపిస్తే మీకెందుకు చేస్తాను ఫోను? తిట్టినా బాగుండేదండీ. పలకరించకుండా పోతోంది." ఆమె గొంతు తగ్గించింది. "నిన్నంతా నా ప్లగిన్నే విప్పి చూసుకున్నాను. తప్పు నాదే అయ్యుంటుంది. మీరు కట్టారంటే నేను ముందు నన్నే అనుమానించుకుంటాను కదా. కాస్త ఎక్కడ పొరబడ్డానో చూసి చెబుతారా?"

చూసి చెబుతానన్నాను. చీపురు గోడకు ఆనించి, తలుపుల పరీక్ష పెట్టాను.

తెర మీద పంక్తులు జారాయి. జల్లెడ లేచింది. ఆప్ట్‌లో తన ఫోల్డర్ తెరిచింది. అందులోని ప్లగిన్లను ఒక్కొక్కటిగా పలకరించింది. నా పురుగు ప్లగిన్‌ను కూడా. ఆ తర్వాత పుటను తెరిచి పని మొదలుపెట్టింది. హోమ్ ఫోల్డర్ వైపు పోనేలేదు. పోయి, తలుపు మూసి ఉంటే వెనక్కి రావడం వేరు. అటొక ఇల్లుందనే దానికి తెలియదు.

నా అతుకు ఎక్కడ? తెరిచి చూశాను. అది ఉన్నచోటే ఉంది, పొల్లు పోకుండా. వేరొక ఫైలులో, ప్రోగ్రామును తయారుచేసేటప్పుడు పాటించవలసిన షరతుల మధ్య, బావ రాసిన చిన్న షరతు కనిపించింది. ప్రోగ్రామూ ప్లగిన్లూ ఒకే ఫోల్డర్‌లో ఉన్నట్లయితే, మరెక్కడా వెతకనక్కరలేదు. అంతే. ప్లగిన్లను నేను వ్యవస్థ ఫోల్డర్‌లో ఉంచి ఉంటే నా అతుకు బతికి ఉండేది. ఆప్ట్‌లో పెట్టిన క్షణాన అది ఊపిరి వదిలింది. చోటు ఎంచినవాణ్ణి నేనే.

కిందికి దిగాను. హాలులో పెట్టెలు తెరిచి ఉన్నాయి. అక్క సోఫాలో కూర్చుని బావ చొక్కాలు మడతపెడుతోంది. బావ నేల మీద కూర్చుని, తన పని బల్ల నుంచి ఊడదీసిన వైర్లను చుట్టలు చుడుతున్నాడు.

"మధ్యాహ్నం కాకుండానే దిగావేమయ్యా! అగ్నిప్రమాదమా?" అన్నాడు.

"జల్లెడ హోమ్ ఫోల్డర్ చూడట్లేదు బావా."

ఆయన వైరు చుట్టడం ఆపలేదు. కానీ చుట్ట వదులైంది.

"ఎవరు చెప్పారు?"

"తలుపుల పరీక్ష."

"అతుకుందా లేదా లోపల?"

"ఉంది."

"మరి! నేను తీశానా? చోటు చూసి పెట్టింది ఎవరు? నువ్వే కదా."

"నువ్వు పెట్టమంటే పెట్టాను."

"నేను సవాలక్ష చెబుతాను. ఎన్నడైనా విన్నావా?" అని నవ్వబోయాడు. నేను నవ్వకపోవడంతో చుట్ట కింద పెట్టాడు. "చూడు బామ్మర్దీ, కోప్పడకు. ఆ సంస్థ జల్లెడను తీసేసుకుంది. నన్ను కూడా. వచ్చే నెల నుంచి వాళ్ళ ఊళ్ళో, వాళ్ళ ఆఫీసులో. వాళ్ళు ముద్ర వేసిన ప్లగిన్లే నడవాలి, బయటివి నడవకూడదు. అది వాళ్ళ షరతు. ఊళ్ళోవాళ్ళంతా తలా ఒకటి రాసి పెట్టుకుంటే రేపేదైనా జరిగితే ఎవడు పూచీ?"

"అది వాళ్ళతో చెప్పాలి. వాడేవాళ్ళతో. ఇవాళ్టి నుంచి మీవి నడవవని ఒక్క మాట చెప్పాలి."

"చెబితే దించుకుంటారా?"

"దించుకోరు."

"నీకు చెబితే కట్టేవాడివా?"

"కట్టేవాణ్ణి కాదు."

"మరింకేం! నా కూర్పంటే ఎవడూ నమ్మడు, నీ ముద్రంటే నమ్ముతారు. నేనేం చెయ్యను చెప్పు." ఆయన నిజంగానే నన్ను సలహా అడుగుతున్నట్టు మొహం పెట్టాడు. తర్వాత, చనువు కొద్దీ, ఇక దాచేదేముందన్న తేలికతో అన్నాడు: "భయపడ్డాననుకో. ఆ తలుపుల పరీక్ష చేస్తావు, దొరికిపోతానని. మీ అక్కే ధైర్యం చెప్పింది. అతుకు కలిపేశానని చెప్పండి, పొంగిపోతాడు, అతుకు తీసినప్పుడు దాంతో పాటు పరీక్ష కూడా తీసేస్తాడు, వాడి సంగతి నాకు తెలుసు అంది."

అక్క చేతిలోని చొక్కా మడత సగంలో ఆగింది.

బావ చేసినదాన్ని నేను అప్పటికే ఎక్కడో ఒకచోట సర్దుకుంటున్నాను. ఆయన స్వభావానికి, అవసరానికి, పెద్ద సంస్థల ఆశకు మధ్య దానికొక స్థానం దొరికేటట్టే ఉంది. ఈ మాటకు మాత్రం చోటు దొరకలేదు. నేను పనిచేసే తీరు ఈ ప్రపంచంలో ఒక్క మనిషికే తెలుసు. చిన్నప్పుడు నా బల్ల సొరుగులు చూసి, ఏ వస్తువు పోయినా దాని డబ్బా కూడా పారేస్తావెందుకురా అని నవ్వింది ఆ మనిషే.

"అక్కా," అన్నాను.

"ఏంట్రా?"

"నిజమేనా?"

ఆమె చొక్కా మడత పూర్తిచేసి పెట్టెలో పెట్టింది. తర్వాతే తల ఎత్తింది.

"నిజమే. ఏం చెయ్యమంటావు? ఇన్నేళ్ళూ ఆయన ఆ గదిలో కూర్చుని అందరికీ ఊరికే రాసిచ్చాడు. ఎవడో మరక పోలేదని తిడుతూ రాస్తాడు, ఇంకెవడో పోకూడని మరక పోయిందని తిడుతూ రాస్తాడు. నువ్వు పైన కూర్చుని ఫైళ్ళకు చోట్లు వెతుకుతావు. మీ బావకొక చోటు కావాలని నీకెప్పుడైనా తోచిందా?"

"అడిగుంటే..."

"అడిగితే వారం రోజులు ఆలోచించి కాదనేవాడివి. కారణాలు కూడా చెప్పేవాడివి, వరసగా."

అది అబద్ధం కాదు.

"ఒట్టు నీ మీద వేశాడు," అన్నాను చివరికి.

"అతుకుందని వేశారు. ఉంది కదా."

"నీకు తెలుసు కదక్కా, నేనడిగింది అతుకు గురించి కాదని."

అక్క ఇంకొక చొక్కా తీసుకుంది. దాని కాలరు సరిచేస్తూ, నా వైపు చూడకుండా, "తెలుసు," అంది.

"అయిందేదో అయింది, తిని పడుకో, సాయంత్రం మాట్లాడుకుందాం," అని బావ వెనకనుంచి అంటూండగా నేను మెట్లెక్కాను.

గదిలో చాలాసేపు ఊరికే కూర్చున్నాను. జల్లెడ పాత కూర్పు నా దగ్గరుంది, అది అందరిదీ, దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. కావాలంటే దాన్ని సరైన చోట్లతో మళ్ళీ కట్టవచ్చు. కానీ అది తర్వాతి మాట. ముందు, నా ముద్రతో ఇళ్ళలోకి వెళ్ళిపోయిన ఈ కూర్పు ఉంది. గ్రంథపాలకురాలి వంటివాళ్ళు ఎంతమందో తమ ప్లగిన్లను విప్పుకుని, లేని తప్పు కోసం తమలోనే వెతుక్కుంటూ ఉంటారు. ఇంకా దించుకోనివాళ్ళు నన్ను నమ్మి ఇవాళో రేపో దించుకుంటారు. భాండాగారం నిర్వాహకులకు రాసి కూర్పును తీసివేయమనవచ్చు. వాళ్ళు బావను అడుగుతారు, బావ అతుకుందంటాడు, నాలుగు వారాలు చర్చ నడుస్తుంది.

వెంటనే జరిగేది ఒకటే ఉంది. ముద్రను రద్దుచేయడం. నా ముద్ర చెల్లదని నేనే ప్రకటిస్తే, దానితో వచ్చినవేవీ భాండాగారం ఇక ఎవరికీ ఇవ్వదు. ఈ ఒక్క కూర్పునే కాదు. నేను ఇంతవరకూ కట్టినవన్నీ, నిఘంటువులు, అక్షరరూపాలు, చిన్నచిన్న పనిముట్లు, జల్లెడ పాత కూర్పులతో సహా, మరొకరు మొదటినుంచి పరిశీలించి తమ ముద్ర వేసేవరకూ పక్కన పడి ఉంటాయి. రద్దు చేసినదాన్ని మళ్ళీ బతికించడం కుదరదు.

ఆదేశం ఇచ్చాను. యంత్రం కారణం చెప్పమంది. పోగొట్టుకున్నారా, కొత్తది చేసుకున్నారా, ఇక వాడటం లేదా, ఇతరుల చేతిలో పడిందా? ఈ జాబితాను నేను ఇతరులకు ఎన్నోసార్లు విడమరిచి చెప్పాను. చివరిది దొంగతనాలకు ఉద్దేశించిందని చెప్పేవాణ్ణి. ముద్ర వేసే తాళం నా దగ్గరే ఉంది, ఎవరూ దొంగిలించలేదు. అయినా చివరిదే ఎంచుకున్నాను. అంతకంటే నిజమైనది ఆ జాబితాలో లేదు.

తలుపు దగ్గర అలికిడి అయింది. అక్క, చేతిలో పళ్ళెంతో.

"ఏం చేస్తున్నావురా?"

"ముద్ర తీసేస్తున్నాను."

దాని అర్థం ఆమెకు తెలుసు. బావతో, నాతో ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో గడిపిన మనిషికి తెలియనిదేముంది! పళ్ళెం బల్ల అంచున పెట్టింది.

"ఆయన మీద కోపంతో నువ్వు కట్టినవన్నీ పారేసుకుంటావా? మతి పోయిందా నీకు?"

"కోపంతో కాదు."

"మరి?"

"అక్కా, వస్తువు పోతే డబ్బా కూడా పారేస్తానని బావకు చెప్పావుగా. నువ్వు చెప్పింది తప్పు కాకూడదు."

ఆమె మొహం చూడాలని అన్న మాటే అది. చూసిన తర్వాత అనకుండా ఉండవలసిందనిపించింది. ఆమె పళ్ళెం అక్కడే వదిలి దిగిపోయింది. మెట్ల మీద ఆమె అడుగులు మధ్యలో ఒకచోట ఆగి, మళ్ళీ కదిలాయి.

నిర్ధారించమని అడిగిన చోట నిర్ధారించాను. తెర మీద ఒక పంక్తి కనిపించింది, మరేమీ జరగలేదు.

తర్వాత గ్రంథపాలకురాలికి ఫోను చేశాను.

"తప్పు మీది కాదమ్మా. మీ ప్లగిన్ బాగుంది. జల్లెడ దాన్ని చూడకుండా కట్టారు. కట్టింది నేనే."

"మీరా?" ఆమె నమ్మలేదు. "ఎందుకండీ?"

"నాకు తెలియకుండా. ఎలాగన్నది పెద్ద కథ. ప్రస్తుతానికి కొత్త కూర్పు తీసేసి, మీ యంత్రంలోనే మిగిలి ఉన్న పాతది పెట్టుకోండి. ఇకమీదట నా ముద్రతో ఏం వచ్చినా దించుకోకండి."

అవతల ఎవరో పిల్లలు పుస్తకాల బీరువా తలుపు తీసిన చప్పుడు, ఆమె వాళ్ళను నెమ్మదిగా మందలించడం వినిపించాయి.

"అలాగంటే ఎలాగండీ? మరి నేనెవరి ముద్ర నమ్మాలి?"

ఆ ప్రశ్నకు నా దగ్గర పేరేదీ లేదు. ఉన్న రెండు పేర్లూ కింద పెట్టెలు సర్దుతున్నాయి.

"తలుపుల పరీక్షని ఒకటుందమ్మా," అన్నాను. "ప్రోగ్రాము ఏ ఫోల్డర్లు తెరుస్తోందో మీరే చూసుకోవచ్చు. కాస్త ఓపిక ఉండాలి. చెబుతాను, రాసుకుంటారా?"

"ఉండండి, కళ్ళజోడు తెచ్చుకుంటాను."

ఆమె కుర్చీ జరిపిన చప్పుడు, దూరమైన అడుగులు వినిపించాయి. ఫోను చెవి దగ్గరే పట్టుకుని, ఆమె తిరిగివచ్చేవరకూ ఆగాను.